చెవిగింజ

"నా ఒంట్లో ఎవులో బయపడతన్నారు వదినా" అంది పైడి.

గుమ్మం పక్కన గోడను రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది. గుమ్మానికీ వీధికీ మధ్య ఉన్నది ఒక్క మెట్టు. చంటిపిల్లలు కూడా దాన్ని మెట్టనుకోరు, దూకేస్తారు. పైడి ఆ మెట్టు కేసి నూతిలోకి తొంగిచూస్తున్నట్టు చూస్తోంది.

"నీ ఒంట్లో నువ్వు కాక ఇంకెవులుంటారే?" అన్నాను.

"నాను కాదు. నాకు బయం నేదు, నీకు తెల్దేటి? కాలు ముందుకెయ్యనివ్వకుండా ఎవులో ఎనక్కి లాగతన్నారు."

పైడి నా ఆడపడుచు, నా భర్తకు చెల్లెలు. మొగుడితో పొసగక కూతురు హైమను చంకనేసుకుని పుట్టింటికి వచ్చేసిన మనిషి. గాజువాకలో మా ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. నేను వీధి చివర ఇడ్లీల బండి నడుపుతాను. ఆ ఏడు వానాకాలంలో పైడికి ఒక జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది కానీ, పోతూ పోతూ పైడి చెవుల్లోంచి నిలకడను పట్టుకుపోయింది.

డాక్టర్ రెహనా మాకు ఆ సంగతి ఎలా చెప్పిందంటే, నీళ్ళ సీసాను సగం నింపి బల్ల మీద అటూ ఇటూ వంచింది. సీసా ఎటు వంగినా లోపలి నీళ్ళు మట్టంగానే ఉన్నాయి. మన చెవి లోపల కూడా ఇలాంటి ఏర్పాటే ఉందనీ, నువ్వు ఒరుగుతున్నావో, లేస్తున్నావో, పడుతున్నావో ఒంటికి అదే చెబుతుందనీ అంది. తర్వాత ఆ నీళ్ళు పారబోసి, ఖాళీ సీసాను పైడి చేతికి ఇచ్చింది. పైడికి అర్థమైంది. మంచం పట్టె పట్టుకుని పడుకున్నా సరే, పడవలో ఉన్నట్టు దానికి ఇల్లంతా ఊగుతూనే ఉండేది.

ఆ ఖాళీని నింపడానికి డాక్టర్ రెహనా ఒక గింజ తయారు చేసింది. మినపగింజంత ఉంటుంది. చెవి వెనక ఎముకలో దాన్ని అమరుస్తారు. కానీ గింజ ఒట్టిదైతే పనిచెయ్యదు. చెవులు బాగున్న ఒక మనిషి ఒరిగినప్పుడూ లేచినప్పుడూ పడినప్పుడూ ఆ చెవి ఏం చెప్పిందో, ఒళ్ళు ఏం విన్నదో అదంతా ముద్ర తీసి ఆ గింజలో పొయ్యాలి. అప్పుడు రోగి ఒళ్ళు దాన్ని చూసి మళ్ళీ నేర్చుకుంటుంది.

ముద్ర ఎవరైనా ఇవ్వచ్చని, చుట్టరికంతో పని లేదని డాక్టరమ్మ చెప్పనే చెప్పింది. మేమే వినలేదు. మూత్రపిండం ఇచ్చేటప్పుడు రక్తసంబంధం చూడరా, ఇదీ అంతే, సొంత బిడ్డదైతేనే ఒంటికి పడుతుందని నేనూ, మా బంధువులూ పట్టుపట్టాం. మా తృప్తి కోసం ఆమె సరేనంది. హైమను ల్యాబులో ఊగే కుర్చీలో కూర్చోబెట్టి, తిప్పి, పైకెత్తి, కిందకు వదిలి ముద్ర తీశారు. దాన్ని పైడి చెవి వెనక పెట్టారు. ఇల్లు ఊగడం ఆగిపోయింది. పైడి లేచి నిలబడింది. అందరం సంతోషించాం. తీరా నడవమంటే గోడ వదలదు.

మర్నాడు పైడిని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. పైడి చెప్పింది డాక్టర్ రెహనా కాగితం మీద రాసుకుంది. తర్వాత హైమ వైపు తిరిగింది.

"ఆ కుర్చీ కిందకు పడేటప్పుడు నువ్వు కళ్ళు మూసుకున్నావా అమ్మా?"

"మూసుకోనేటి డాక్టర్? పళ్ళు కూడా బిగబట్టీసినాను" అంది హైమ. "సిన్నప్పటినించీ నాకు ఎత్తంటే బయం. అమ్మా అత్తా రోలర్ కోస్టర్ ఎక్కితే కింద సంచులు పట్టుకుని కూకునేదాన్ని."

"అయితే నడకతో పాటు నీ భయం కూడా వచ్చేసింది" అంది డాక్టరమ్మ. "అది విడిగా తీసేది కాదు, కలిసే ఉంటుంది. నాకు కావలసింది పడిపోవడం అంటే ఇష్టపడే మనిషి. అలాంటి వాళ్ళెవరుంటారు?"

పైడి నా వైపు చూడకుండా గోడ వైపు చూసింది. అది చాలా చెడ్డ నటి. డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

ఇక్కడ మా పిచ్చి సంగతి చెప్పాలి.

నా భర్త పోయాక ఏడాది పాటు నేను గడప దాటలేదు. వచ్చిన వాళ్ళ ముందు ఏడిస్తే "ఊరుకో" అనేవారు, ఏడవకపోతే ఇంకోలా చూసేవారు. ఏడాది తిరిగాక ఒక రోజు పైడి ఆటో తెచ్చి గుమ్మం ముందు ఆపింది. ఎక్కడికే అంటే చెప్పలేదు. భీమిలి దాటాక సముద్రం ఒడ్డున 'సాగరలీల' అని ఆటల పార్కు ఉంది, అందులోకి తీసుకెళ్ళింది. మహాసర్పం అనే రోలర్ కోస్టర్ ముందు నిలబెట్టి, "వదినా, ఇంట్లో అరిస్తే ఈదంతా పోగవుతారు. ఇక్కడెంత అరిసినా ఎవులూ సూడరు. ఎక్కి అరువు" అంది.

ఎక్కాను. గొలుసు టకటకమంటూ పెట్టెను పైకి లాగుతుంటే దేవుళ్ళందర్నీ తలుచుకున్నాను. శిఖరం దాటగానే పెట్టె కిందకు జారింది. కడుపు లేచింది. ఒళ్ళు సీటు మీద నుంచి ఇంత ఎత్తున తేలింది. ఏడాదిగా గుండెల మీద మోస్తున్న బరువును ఎవరో ఒక్క క్షణం చేతిలోకి తీసుకుని, "కాస్త ఊపిరి పీల్చుకో" అన్నట్టనిపించింది. నేను అరవలేదు. నవ్వాను. మళ్ళీ ఎక్కుదామని పైడి చెయ్యి పట్టుకుని లాగింది నేనే.

ఆ తర్వాత నెలకొకసారి వెళ్ళేవాళ్ళం. పోను పోను మాకు దాని గుట్లు తెలిశాయి. అన్నిటికన్నా వెనక సీటులో దిగుడు బాగా తెలుస్తుంది. ముందు పెట్టెలు వెనక పెట్టెను శిఖరం మీద నుంచి విసురుగా లాగుతాయి. పొద్దున బండి మందకొడిగా ఉంటుంది, ఎండెక్కి చక్రాల్లో గ్రీజు కాగాక పరుగు పెడుతుంది. వాన వెలిసిన మధ్యాహ్నం దొరికితే ఇక చెప్పక్కర్లేదు. వెనక సీటు కోసం మేం వరస వదిలేసి నిలబడితే, భయపడుతున్నామనుకుని కుర్రాళ్ళు నవ్వేవారు.

"రండమ్మా, మేమున్నాం" అనేవారు.

"మీరెల్లండి బాబూ, ముందు కూకుంటే ఏటుంటాది, గాలి తప్ప" అనేది పైడి.

మా బంధువులు ఊరుకుంటారా. ఈ వయసులో ఈ ఊగులాటేమిటని ఒక పెళ్ళిలో అందరి ముందూ అడిగారు. పైడి వడ్డిస్తున్న గరిటె ఆపి, "తీర్తంలో మీరు రంగులరాట్నం ఎక్కనేదేటి? నిదానంగా తిరిగితే ముచ్చట, బేగి తిరిగితే పిచ్చేటి?" అంది. ఆ పంక్తిలో మరి ఎవరూ పప్పు అడగలేదు.

పార్కులో బండ్లు నడిపే చిన్నారావుకు మేమంటే అభిమానం. ఆయుధపూజనాడు మహాసర్పానికి పసుపు రాసి, గుమ్మడికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి మొదటి పరుగు మాతోనే తీయించేవాడు. పెట్టెను తాకి చేతులు కళ్ళకద్దుకుని ఎక్కేవాళ్ళం. మా ఇద్దరికీ పెద్ద ఆస్తులు లేవు, చెప్పుకోదగ్గ ఊళ్ళూ చూడలేదు. కానీ మా మనసు ఎక్కడ తేలికవుతుందో మాకు తెలుసు. అది తెలియకుండానే వెళ్ళిపోయేవాళ్ళు ఎందరో.

ఇదంతా విని డాక్టర్ రెహనా లేచి నిలబడింది. ముద్ర ల్యాబులో కాదు, ఆ బండ్ల మీదనే తీద్దామంది. తర్వాత మళ్ళీ కూర్చుని, చెప్పవలసింది ఇంకొకటి ఉందంది.

"హైమ దగ్గర పైపైన తీశాం. పైడి ఒళ్ళు నేర్చుకున్న భయం పోవాలంటే ఈసారి లోతుగా తియ్యాలి. లోతుగా తీస్తే ఇచ్చినవాళ్ళ దగ్గర అది అరిగిపోతోంది సన్యాసమ్మ గారూ. మీ నడక ఎక్కడికీ పోదు. మెట్లు దిగుతారు, బస్సెక్కుతారు. పైనుంచి పడేటప్పుడు కడుపులో లేచే ఆ జిల్లు మాత్రం ఉండదు. ఏ బండి మీద ముద్ర తీస్తే ఆ బండి మీద ఇక తెలియదు. తిరిగి రాదు కూడా." ఆమె కాస్త నవ్వి, "చాలామంది అది పోతే హాయే అనుకుంటారు" అంది.

పైడి నవ్వలేదు.

తిరిగి వస్తుంటే ఆటోలో కడ్డీ పట్టుకుని, కళ్ళు మూసుకునే మాట్లాడింది. "నాకొద్దు."

"ఏటొద్దు?"

"నీది నాకొద్దు. ఇలగే ఉంటాను. గోడట్టుకుని నడిసేవోళ్ళు నోకంలో నేరేటి?"

"మిషను కాడ కూకోగలవా?"

"కూకోనేను."

"మరేటి సేస్తావు?"

"నీకు మిగిలిందదొక్కటే వదినా. అన్న పోనాడు. పిల్లల్నేరు. దాన్ని కూడా నన్ను లాక్కోమంతావా?"

"నాకు నువ్వు మిగలక్కర్నేదేటి?" అన్నాను.

ఆటో అతను అద్దంలో మమ్మల్ని చూసి, మళ్ళీ రోడ్డు వైపు చూశాడు.

పైడి కొన్నాళ్ళు అలాగే మొండికేసింది. నేను బండి కట్టేసి వచ్చేసరికి మిషను ముందు బల్ల మీదకు ఎక్కడానికి ప్రయత్నించి, ఎక్కలేక నేల మీద కూర్చుని గుండీలు కుట్టేది. స్నానాలగదికి గోడ లేని చోట పాక్కుంటూ వెళ్ళేది. నేను చూడనట్టు ఉండేదాన్ని. నేను చూశానని దానికి తెలిసేది. ఒక రోజు అలా పాకుతుంటే ఎదురుగా వెళ్ళి నేల మీద కూర్చున్నాను.

"ఆ ఏల ఆటో తెచ్చినప్పుడు నన్నడిగినావేటి?"

"నేదు."

"అడిగితే ఒచ్చేదాన్నా?"

"నేదు."

"అందుకే నాను నిన్నడగను. రేపు డాక్టరమ్మకి ఫోను సేసీస్తన్నాను."

పైడి నేల మీదే తల ఆన్చి ఏడ్చింది. ఏడుస్తూనే, "ఏ బండి ముందిస్తావు?" అని అడిగింది. ఎంతైనా అది కూడా నాలాంటి మనిషే. ఆ ప్రశ్న దానికి తప్ప ఎవరికీ తట్టదు.

చిన్నదానితో మొదలుపెట్టాం. గేట్లు తెరవకముందు పొద్దుటి పూట పార్కు వాళ్ళు మాకు ఇచ్చారు. డాక్టర్ రెహనా నా తలకు పట్టీ బిగించి, తీగలు మెడ వెనక సర్ది, తనూ పక్కన ఎక్కింది. కెరటం అనే బండి అది, పిల్లల కోసం కట్టింది. మూడు చిన్న దిగుళ్ళు. కిందకు వచ్చేసరికి ఆమె ముఖం తెల్లబడింది.

"మీరు దీన్ని చిన్నదంటారా?" అంది.

"అలవాటైపోతాదమ్మా. నిమ్మకాయ వాసన సూడండి" అని కొంగున కట్టుకున్నది ఇచ్చాను.

పట్టీ తీసేసి మళ్ళీ ఒకసారి ఎక్కమంది. ఎక్కాను. బండి అదే, దిగుళ్ళు అవే. స్పీడు బ్రేకర్ల మీద ఆర్టీసీ బస్సు వెళ్ళినట్టు వెళ్ళింది. దిగి వచ్చాక చాలాసేపు కడుపు మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. కావలసినవాళ్ళు ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతే ఆ గుమ్మం ముందు నిలబడ్డట్టుంది. చిన్నారావు మీటల దగ్గర నుంచే, "ఏటమ్మా, బాగుందా?" అన్నాడు. బాగుందనే చెప్పాను. అతని బండి అతను బాగా నడిపాడు కదా.

మరో రోజు పిడుగు. అది తాటిచెట్టును మించిన స్తంభం మీదకు తీసుకెళ్ళి ఒక్కసారి వదిలేసే కుర్చీ. అదీ ఇచ్చాను. మధ్యాహ్నానికి ఇంటికి వచ్చి మామూలుగా పప్పు రుబ్బి, మర్నాటి పిండి కలిపాను. పైడి మంచం మీద నుంచి నన్నే చూసింది. "పిడుగు కూడా?" అని మటుకు అంది. తలూపాను.

ఆ వారం డాక్టర్ రెహనా ల్యాబులో లెక్కలు చూసుకుని మమ్మల్ని పిలిచింది. తీసినంత వరకు గింజలో పోస్తే పైడి చేతికర్రతో నడుస్తుందనీ, వీధి దాకా వెళ్ళి వస్తుందనీ చెప్పింది. "మహాసర్పం మీద తియ్యకుండా ఇక్కడితో ఆపెయ్యొచ్చు. అది మీకు మిగులుతుంది. తీస్తే కర్ర అక్కర్లేదు. మీరిద్దరూ ఆలోచించుకోండి."

పైడి వెంటనే, "కర్ర సాలు" అంది.

నేను కూడా, నిజం చెప్పాలంటే, కర్ర చాలునా అని ఒక నిమిషం ఆలోచించాను. మహాసర్పం నాకు ఎంత ఇష్టమో అప్పుడే తెలిసింది. తర్వాత మిషను తొక్కే కాళ్ళు గుర్తుకొచ్చాయి. కర్రతో మిషను తొక్కలేరు.

"సర్పం మీదే తీద్దారమ్మా" అన్నాను.

ముద్ర తీసే పొద్దున, ముందురోజు కురిసిన వాన తడి ఇంకా పట్టాల మీద ఉంది. చిన్నారావుకు సంగతి అప్పటికే తెలుసు. ఖాళీ పెట్టెలను ముందుగా నాలుగు చుట్లు తిప్పి చక్రాలు కాగనిచ్చాడు. "మధ్యాన్నం పరుగు పొద్దున్నే ఇస్తన్నాను" అన్నాడు. వెనక సీటు తుడిచి పెట్టాడు. డాక్టరమ్మ నిమ్మకాయ చేత్తో పట్టుకుని నా పక్కన కూర్చుంది. పెట్టెను తాకి కళ్ళకద్దుకున్నాను.

గొలుసు లాగుతుంటే ఈసారి దేవుళ్ళను ఏమీ కోరలేదు. ఈ పట్టాలు కట్టినవాళ్ళు ఎవరో నాకు తెలియదు, ఏ ఊరివాళ్ళో. ఎక్కడ వంచితే మనిషి కడుపు తేలుతుందో కూర్చుని లెక్క కట్టినవాళ్ళు. ఒక ఇడ్లీలమ్మ ఏడాది ఏడుపు దించుకోవడానికి వస్తుందని వాళ్ళు అనుకుని ఉండరు. అయినా కట్టారు. వాళ్ళకు దండం పెట్టుకున్నాను. బోల్టులు రోజూ బిగించే చేతులకు పెట్టుకున్నాను. ఇంత సుఖం పట్టే ఒళ్ళు ఇచ్చినందుకు మా అమ్మకు పెట్టుకున్నాను. ఇంకెవరికో పెట్టుకోబోతుంటే శిఖరం వచ్చేసింది.

వెనక సీటు లాగింది. తేలాను. ఎప్పటిలాగే చేతులు వాటంతటవే పైకి లేచాయి. పడుతున్నంతసేపూ కళ్ళు తెరిచే ఉంచాను. మలుపు వస్తే మలుపులోకే ఒరిగాను. దేన్నీ దాచుకోలేదు. కొంచెం అట్టిపెట్టుకుంటే అది పైడికి తక్కువవుతుందేమోనని భయం. ఆ మొత్తం పరుగులో నేను భయపడింది దానికొక్కదానికే.

బండి ఆగాక మళ్ళీ ఎక్కి చూసుకోమని డాక్టరమ్మ అనలేదు. నేనూ అడగలేదు. పట్టీ విప్పుతూ ఆమె నా జుట్టు సర్దింది.

పైడికి కొత్త గింజ పెట్టిన మూడో వారం. నేను ఇడ్లీ రేకులు కడుగుతుంటే మేడ మీద నుంచి కేకలు వినిపించాయి. పరుగెత్తి వెళ్ళాను. హైమ గుండెల మీద చేతులు పెట్టుకుని అరుస్తోంది. పైడి పిట్టగోడ అంచున కూర్చుని, కాళ్ళు వీధి వైపు వేలాడేసి జామపండు తింటోంది.

"దిగే!" అన్నాను.

"ఉండొదినా, గాలి బాగున్నాది."

"పడతావు!"

"పడితే పడతాను, అదేటి కొత్తా?" అంది. తర్వాత నా ముఖం చూసి చటుక్కున లోపలికి దూకేసింది. నేల మీద రెండు కాళ్ళూ కుదురుగా ఆనించింది. దానికి ఎంత బాగా నిలబడటం వచ్చిందో చూసి హైమా నేనూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం. పైడి మాత్రం మధ్యాహ్నం నుంచి మిషను తొక్కుతూ ఆగిపోయిన జాకెట్లన్నీ ముందేసుకుంది. ఆ చప్పుడు మళ్ళీ ఇంట్లో వినిపిస్తుంటే నేను ఎవరికని దండం పెట్టుకోను?

డాక్టర్ రెహనా దగ్గర ఇప్పుడు ఆ ముద్ర ఉంది. పైడి తర్వాత ఇంకెందరికో దాన్నే పోసింది. ఎక్కడెక్కడో ఎవరెవరో నా లాగా మలుపులోకి ఒరుగుతున్నారట. ఆ మాట చెప్పి ఆమె నవ్వుతుంది.

పార్కుకు మాత్రం పైడి రానంది. నెల దాటింది, రెండో నెలా దాటింది. "నువ్వు ఏటీ తెలీకుండా పెట్టెలో కూకుంటే నానెలగ నవ్వను?" అంది. చివరికి నేనే పోరు పెట్టి తీసుకెళ్ళాను. మురీ మిక్చరు పొట్లం కొనిపెట్టినా తినలేదు. చిన్నారావు వెనక సీటు మాకోసం ఆపాడు.

శిఖరం దాటింది. పెట్టె జారింది. నాకు ఏమీ తెలియలేదు. గాలి కొట్టింది, కొంగు ఎగిరింది, అంతే. తెలియదని ముందే తెలిసినా, వెతుక్కున్నాను. అప్పుడు పక్కకు తిరిగి చూశాను. పైడి ఎప్పుడూ బండెక్కితే బూతులు తిట్టేది. ఈసారి తిట్టలేదు. చేతులు ఎత్తి, కళ్ళు తెరిచి, నోరంతా తెరిచి నవ్వుతోంది. అది నా నవ్వు. ఇన్నాళ్ళూ నేను సంతోషంగా ఉన్నప్పుడు ఎలా ఉండేదాన్నో నాకు తెలియదు. అప్పుడు చూశాను. చాలా బాగున్నాను.

బండి ఆగగానే పైడి నవ్వు ఆపేసింది. "తెలిసిందా?" అంది.

"నేదు."

"ఏటీ తెల్నేదా?"

"గాలి తెలిసింది."

అది దిగలేదు. సీటు కడ్డీ మీద తల పెట్టుకుంది. వరసలో నిలబడ్డవాళ్ళు దిగమని అరుస్తుంటే చిన్నారావు, "ఉండండి, ఆళ్ళు మళ్ళీ ఎల్తారు" అని ఆపాడు. పైడి తలెత్తి కాసేపు ఆలోచించింది. తర్వాత నా ఎడమ చెయ్యి లాక్కుని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది.

"నాను ఈపాలి సేతులెత్తను. నాకు లోపలెంత లెగిస్తే అంత నొక్కుతాను. నువ్వు లెక్క సూసుకో" అంది.

గొలుసు కదిలింది. పైకి వెళ్తున్నంతసేపూ పైడి వేళ్ళు ఊరికే ఆనించినట్టు ఉన్నాయి. శిఖరం దగ్గర కాస్త బిగిశాయి. పెట్టె జారింది. నా కడుపులో ఏమీ లేవలేదు. వేళ్ళు మాత్రం నలిగిపోయాయి, ఉంగరం ఎముకకు గుచ్చుకుంది. దిగుడు ఎంత లోతో, ఎక్కడ తేలిందో, ఎక్కడ మళ్ళీ సీటు మీద పడిందో అంతా నా చేతిలోకి వచ్చింది. మలుపు దగ్గర పట్టు కొంచెం సడలింది.

"నొప్పెడతన్నాదా వదినా?" అని గాలిలో అరిచింది.

"నేదు, ఇంకా గట్టిగా పట్టుకో" అన్నాను.